ఖాళీ కుర్చీలో ఏలినవారు

కిందటి వారం చీటీలమ్మను నిఘంటు కార్యాలయం మెట్ల మీద, ఆయాసపడుతూ, చేతిలో కోర్టు లేఖతో వదిలేశాం. పాపం వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. జరిగిన కథ నాలుగు ముక్కల్లో చెప్పేసుకుని ఆమెను లోపలికి పంపిద్దాం.

వీధి చివర సెలూన్ నడిపే ఆమె అన్నయ్యను పోలీసులు పట్టుకెళ్ళి పదకొండు రోజులైంది. చేసిన నేరం ఒకే ఒక్క మాట. ‘ఏలినవారు’ అనే బిరుదును రాజుగారికి తప్ప మరెవరికీ, మరి దేనికీ వాడకూడదని ఏడాది కిందట ఫర్మానా వచ్చింది. అన్నయ్య వాడాడని ఎవరో పైకి చేరవేశారు. క్షవరం ఉన్నా లేకపోయినా రోజూ సెలూన్‌కి వచ్చి పేపరు చదివిపోయే పేపరు మామయ్యే ఆ పని చేశాడని వదినకు గట్టి నమ్మకం. కిందటి వారం ఆయన్ని నడివీధిలో నిలబెట్టి కడిగేసింది కూడా. నేరం రుజువైతే సున్నపు గనుల్లో ఏడేళ్ళు. అన్నయ్యకు ఉబ్బసం. ఆ దుమ్ములో ఏడేళ్ళు కాదు, ఏడు నెలలు బతకడని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

మిగిలింది ఒక్కటే ఆశ. న్యాయమూర్తి నిఘంటు కార్యాలయానికి లేఖ రాశాడు. ఈ బిరుదును రాజుగారికి కాక ఇతరులకు వాడే అలవాటు జనంలో నిజంగా ఉందా, ఉంటే అసలు చీటీలతో ఈరోజు నాలుగు గంటల్లోగా రుజువు చూపించండి అని. అలవాటేనని తేలితే అన్నయ్య నోరు జారాడంతే, మందలించి వదిలేస్తారు. తేలకపోతే రాజధిక్కారం.

ఆ కార్యాలయంలో ‘ఏలినవారు’ అన్న మాట ఎవరి బల్ల మీద ఉందో తెలుసా? చీటీలమ్మ బల్ల మీదే. ఎనిమిదేళ్ళుగా ఆ మాట ఆమెదే. అందుకే మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. పదకొండు రోజుల్లో మొదటిసారి ఆమె మొహంలో కాస్త కళ వచ్చింది. ఆ కళ ఎంతసేపు నిలిచిందో చెప్పడానికే ఈ వారం కథ.

మూడో అంతస్తులో పొడుగాటి గది. నాలుగు గోడలకూ నేల నుంచి పైకప్పు దాకా చెక్క సొరుగులు. సొరుగుల్లో పోస్టుకార్డు సైజు చీటీలు, లక్షల్లో. వీధిలో, బజారులో, బస్సులో జనం మాట్లాడుకునే మాటలు విని రాసుకురావడం ఇక్కడివాళ్ళ ఉద్యోగం. ప్రతి చీటీ మీదా అయిదు సంగతులు ఉండి తీరాలి. మాట, అన్న వాక్యం, అన్నవారు, తేదీ, విన్నవారు. అన్నవారి పేరు రాయరు. వృత్తి, వీధి, వయసు మాత్రం రాస్తారు. పేరు రాయకపోవడం మర్యాద అని పాతకాలం పెద్దలు పెట్టిన నియమం. వీధి చివర ఉన్నది ఒక్కటే సెలూన్ అయినప్పుడు ఈ మర్యాద వల్ల ఒరిగేదేముందని ఆ పెద్దలకు తోచినట్టు లేదు.

అన్నట్టు, ఆమెకు చీటీలమ్మ అని పేరు పెట్టింది వదినే. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు మాట్లాడుతుంటే కూడా చీటీ తీసి రాసుకునేదట. ముప్పై ఆరేళ్ళొచ్చినా ఆమెకు పెళ్ళి కాకపోవడానికి కారణం అదేనని వదిన నవ్వుతూ అంటుంది. నవ్వుతూ అనేది, పదకొండు రోజుల కిందటి దాకా.

గది చివర ప్రధాన సంపాదకుడు కూర్చుని ఉన్నాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. డెబ్భై దాటాయి. రాజుగారి అధికారులు వచ్చినప్పుడల్లా లేచి నిలబడి, వాళ్ళు వెళ్ళాక అరగంట దాకా మళ్ళీ కూర్చోని మనిషి.

“సార్, కోర్టు నుంచి లేఖ వచ్చింది,” అంది చీటీలమ్మ, కాగితం ఆయన ముందు పెడుతూ. “మన దగ్గర నలభై మూడు చీటీలున్నాయి. అన్నీ పట్టుకెళ్దాం. అన్నయ్య సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు.”

పెద్దాయన లేఖ వంక చూడలేదు. “తలుపు వేసి రామ్మా,” అన్నాడు.

ఆమె తలుపు వేసి వచ్చింది. ఆయన సొరుగు తాళం తీసి ఒక ఫైలు బయటికి తీశాడు. దాన్ని కాసేపు రెండు చేతులతో పట్టుకుని, తర్వాత బల్ల మీద ఆమె వైపు జరిపాడు. “ఇది మీ అన్నయ్య మీద పెట్టిన కేసు నకలు. సాక్ష్యం మూడో పేజీలో ఉంది.”

మూడో పేజీలో ఒక చీటీ నకలు అతికించి ఉంది. చీటీలమ్మ ముందు రాతను చూసింది, తర్వాత మాటను చదివింది. రాత చూడగానే చదవనక్కర్లేకపోయింది.

*ఏలినవారు. ‘ఏలినవారూ, కాస్త పక్కకు జరగండి, తుడవాలి.’ ఖాళీ కుర్చీని ఉద్దేశించి. కొత్త వాడుక. అన్నవారు: సెలూన్ యజమాని, చివరి వీధి, నలభై ఒక్క ఏళ్ళు.* కింద తేదీ. ఆ కింద విన్నవారు అన్నచోట గుండ్రంగా, ముద్దుగా, ఆమె సంతకం.

ఆమె కుర్చీ కోసం చేత్తో వెతుక్కుని కూర్చుంది.

ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. క్షవరం చేయించుకునేవాళ్ళు ఎవరూ లేరు. అన్నయ్య గుడ్డ పట్టుకుని ఖాళీ కుర్చీకి వంగి దండం పెట్టి ఆ మాట అన్నాడు. పేపరు మామయ్య పేపరు కింద పడేసి నవ్వాడు. వదిన నవ్వింది. చీటీలమ్మ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. మొగుణ్ణి ఏలినవారు అనడం ఉంది, పసిపిల్లను అనడం ఉంది, కుట్టుమిషన్‌ను అనడం కూడా ఉంది. ఎవరూ కూర్చోని కుర్చీని అనడం మాత్రం ఏ నిఘంటువులోనూ లేదు. అలాంటి కొత్త వాడుకలు ఏడాదికి నాలుగో అయిదో దొరుకుతాయి. దొరికిన రోజు వీళ్ళకు అన్నం కూడా సయించదు. అదే సాయంత్రం రాసేసింది. తేదీ సరిగ్గా వేసింది. తేదీ లేని చీటీ ఆమె దృష్టిలో తండ్రి పేరు చెప్పుకోలేని బిడ్డ.

“ఇది మన సొరుగులో ఉండాలి కదా సార్. వాళ్ళ దగ్గరికి ఎలా వెళ్ళింది?”

“నువ్వే పంపావమ్మా. కొత్త వాడుకల ట్రేలో వేశావు.”

ఫర్మానా వచ్చాక ప్రతి సోమవారం ఆ ట్రేలోవన్నీ తనిఖీకి వెళ్ళాలి. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. అందుకే పెద్దాయన ఈ బిరుదు తాలూకు పాత చీటీలన్నీ ఏలకుల సొరుగులో, ఏలకుల చీటీల వెనక దాచి పెట్టించాడు. దాచింది స్వయంగా చీటీలమ్మే. అయినా కొత్త వాడుక దొరికితే చెయ్యి దానంతటదే ఆ ట్రే వైపు వెళ్ళింది. పద్నాలుగేళ్ళ అలవాటు. పైగా తనిఖీకి వెళ్ళినవి ఎవరూ చదవరని ఆఫీసంతా నమ్మకం. నిఘంటువు అచ్చయ్యాకే చదివే దిక్కులేదు, అచ్చు కాకముందు ఎవరు చదువుతారు?

ఒకడు చదివాడు.

“ఇంకోటి కూడా ఉంది.” పెద్దాయన గొంతు వినీ వినపడనట్టుగా ఉంది. బంగారు అంచు ఉన్న కాగితం ఒకటి తీశాడు. “నీకు వచ్చింది. అభినందన పత్రం. సొంత అన్న అని కూడా చూడకుండా రాజద్రోహాన్ని బయటపెట్టినందుకు.”

“ఎప్పుడొచ్చింది?”

“మీ అన్నయ్యను పట్టుకెళ్ళిన రోజే.”

“పదకొండు రోజులు దాచారా సార్?”

“ఎలా ఇవ్వమంటావమ్మా నీ చేతికి?” అన్నాడు పెద్దాయన. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకోలేదు.

చీటీలమ్మ ఏడవలేదు. ఏడుపు రావాలంటే కూడా కొంత తీరిక ఉండాలి. గోడ గడియారం పన్నెండు దాటింది. లేచి వెళ్ళి ఏలకుల సొరుగు లాగి, అడుగు నుంచి కట్ట తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది. “నలభై మూడు. ఇవి చూపిస్తే అన్నయ్యను వదిలేస్తారు. అవునా కాదా?”

“వదిలేస్తారు. కానీ ఆ తీర్పు మీ అన్నయ్య ఒక్కడికే. ఆ నలభై మూడు ఇళ్ళకూ రేపు పొద్దున్నే వెళ్తారు.”

“ఇవన్నీ ఫర్మానాకు ముందు అన్నవి సార్! అప్పుడు తప్పు కాదుగా!”

“ముందన్నదా తర్వాతన్నదా అని ఫర్మానాలో లేదు. ఎందుకు లేదో ఆలోచించు. మొన్న పాలవాణ్ణి తీసుకెళ్ళారే, వాడు ఆ మాట అని మూడేళ్ళయింది.”

ఆమె చీటీలు ఒక్కొక్కటే తిప్పింది. నలభై మూడూ ఆమె విన్నవే. బడిపంతులు తన పెళ్ళాన్ని అన్నది. ఆసుపత్రి ఆయా ఎప్పుడూ గంట కొడుతూ పిలిచే రోగిని అన్నది. ఇస్త్రీ చేసే ఆయన తన లావుపాటి పిల్లిని అన్నది. ఒక్కో చీటీ పట్టుకుంటే ఆ గొంతు వినిపిస్తోంది. వీళ్ళందరూ తన మీద నమ్మకంతో తన ముందు నోరు విప్పినవాళ్ళు.

అప్పుడు తలుపు తోసుకుని వదిన వచ్చింది. పొద్దుటి నుంచీ కింద బెంచీ మీద కూర్చుని ఉంది, ఇక ఆగలేకపోయింది. జుట్టు సరిగ్గా ముడి కూడా వేసుకోలేదు.

“ఏమైంది? ఇస్తున్నారా లేదా?”

చీటీలమ్మ అబద్ధం చెప్పి ఉండవచ్చు. పేపరు మామయ్య మీదే ఉంచేసి ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయింది. మూడో పేజీ తెరిచి వదిన చేతికిచ్చింది.

“పేపరు మామయ్య కాదు వదినా. నేనే.”

వదిన చదివింది. మళ్ళీ చదివింది. “ఇది నీ రాత కదూ?”

“అవును.”

“మనం నవ్వుకుంటున్నాం కదే ఆ రోజు. ఆయన మనల్ని నవ్వించడానికి అన్నాడు. దానికి తేదీ వేసి, వయసు వేసి, వీధి వేసి రాసుకున్నావా? ఇంట్లో కూర్చుని, నేను పెట్టిన అన్నం తింటూ రాసుకున్నావా?” గొంతు పెద్దది కాలేదు. పెద్దదైతే బాగుండునని చీటీలమ్మకు అనిపించింది. “పాపం ఆ ముసలాయన్ని నడివీధిలో నానా మాటలూ అన్నాను. నన్నెందుకు ఆపలేదు? ఓహో, నీకూ తెలియదు కదూ. నువ్వు చేసింది నీకే తెలియదు!”

“వదినా...”

“ఆయన ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడకు. ఆ చీటీలేవో అన్నీ తీసుకెళ్ళి వాళ్ళ మొహాన కొట్టు. ముందు ఆయన బయటికి రావాలి.”

“అన్నీ ఇస్తే ఈ నలభై మూడు ఇళ్ళవాళ్ళనూ పట్టుకెళ్తారమ్మా,” అన్నాడు పెద్దాయన నెమ్మదిగా.

“పట్టుకెళ్ళనీండి! నా మొగుణ్ణి పట్టుకెళ్తే ఎవరొచ్చారండీ? ఒక్కడొచ్చాడా? పోతే పోనీ అందరూ!”

చీటీలమ్మ కట్టలోంచి ఒక చీటీ తీసి ఆమె ముందు పెట్టింది. *‘ఏలినవారికి ఆకలేసిందంటే ఊరంతా లేవాల్సిందే.’ పసిబిడ్డను ఉద్దేశించి. అన్నవారు: సెలూన్ యజమాని భార్య, చివరి వీధి, ఇరవై తొమ్మిదేళ్ళు.* అయిదేళ్ళ కిందటి తేదీ.

వదిన ఆ చీటీని చాలాసేపు చూసింది. పిల్లకు ఇప్పుడు అయిదేళ్ళు, బడిలో ఉంది. ఆమె బల్ల అంచు పట్టుకుని కిందికి జారి, నేల మీదే కూలబడింది. ఆ తర్వాత ‘పోతే పోనీ’ అన్న మాట ఆమె నోట రాలేదు.

ముగ్గురూ అలా ఉండగా చీటీలమ్మ కన్ను ఒక చీటీ మూల మీద పడింది. అక్కడ చిన్న సున్నా చుట్టి ఉంది. అది ఈ ఆఫీసు పద్ధతి. మాట అన్న మనిషి చనిపోతే చీటీ మూలన సున్నా చుడతారు, సరిచూసుకోవడానికి మళ్ళీ ఎవరూ ఆ ఇంటికి వెళ్ళి వాళ్ళను బాధపెట్టకుండా. ఆమె గబగబా కట్టంతా తిప్పింది. సున్నాలు మూడు.

కుట్టుపని చేసే ముసలమ్మ, తెగిపోయే దారాన్ని చూసి: ‘ఇవాళ ఏలినవారికి మనసు బాగాలేదు.’ పడవ నడిపే తాత, వరదలో నదిని చూసి: ‘ఏలినవారు బయలుదేరారు, దారి వదలండి.’ మూడోది అమ్మది.

“ముగ్గురు వేరువేరుగా అంటే వాడుక కింద ఒప్పుకుంటాం కదా సార్? మన నియమమే కదా? పోయినవాళ్ళను ఎవరు పట్టుకెళ్తారు?”

పెద్దాయన ఆమె మొహంలోకి చూశాడు. ఏదో అనబోయాడు. ఆమె కళ్ళతోనే వద్దంది.

వదిన తలెత్తింది. “అంటే... ఆయన వచ్చేస్తాడా? ఎవరికీ ఏమీ కాకుండా?”

“వచ్చేస్తాడు వదినా. నువ్వు కిందికి వెళ్ళి మొహం కడుక్కో. నేను ముద్ర వేయించుకుని వస్తాను.”

వదిన వెళ్ళింది. మెట్ల మీద ఆమె అడుగులు పరుగులాగే వినిపించాయి. తలుపు మూసుకున్నాక పెద్దాయన అన్నాడు, “విన్నవారు కోర్టులో లేచి నిలబడి, నేను విన్నాను అని చెప్పాలి. లేకపోతే చీటీ చెల్లదు.”

“తెలుసు సార్.”

“తెలిసిన వాడుకలన్నీ ముప్పై రోజుల్లో చెప్పాలని ఫర్మానాలో ఉంది. తెలిసీ దాచినవాళ్ళకూ అదే ఏడేళ్ళు.”

“చదివాను సార్. చాలాసార్లు చదివాను.”

“నా పేరు రాయరాదూ? నేనెలాగూ...” అని ఆగిపోయాడు. నిజంగా ఒప్పుకుంటుందేమోనన్న భయం కూడా ఆ మొహంలో ఉంది, పాపం దాచుకోలేకపోయాడు.

“రాత నాది సార్. చూస్తే తెలిసిపోతుంది,” అంది చీటీలమ్మ. “ముద్ర వేయండి. టైమవుతోంది.”

కోర్టు హాల్లో పట్టుమని ఇరవై మంది లేరు. గోడ మీద రాజుగారి నిలువెత్తు చిత్రం, దాని కింద పెద్ద అక్షరాల్లో ఆ బిరుదు. బోనులో అన్నయ్య కూర్చుని ఉన్నాడు. ఊరందరికీ గడ్డం గీసే మనిషికి పదకొండు రోజుల గడ్డం పెరిగి ఉంది. దగ్గు ఆపుకోవడానికి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. వదిన, చీటీలమ్మ మూడో వరుసలో కూర్చున్నారు. ఇద్దరి మధ్యా ఒక మనిషి కూర్చునేంత చోటుంది. వదిన కావాలనే వదిలింది.

కోర్టు గుమాస్తా మూడు చీటీలూ తీసుకుని చదవసాగాడు. ఏ మాటైనా ఒకే గొంతుతో చదవగలిగిన మనిషి. కుట్టుపని ముసలమ్మ మాట చదివాడు. పడవ తాత మాట చదివాడు. న్యాయమూర్తి ఏదో రాసుకున్నాడు. గుమాస్తా మూడో చీటీ పైకెత్తాడు.

“‘ఏలినవారూ, మీ కొడుకు కుర్చీ కొన్నాడు. ఇక ఈ ఊళ్ళో ఎంతటివాడైనా మీవాడి ముందు తల వంచాల్సిందే.’ చనిపోయిన భర్త ఫొటోను ఉద్దేశించి. అన్నవారు: సెలూన్ యజమాని తల్లి, చివరి వీధి, అరవై ఎనిమిదేళ్ళు. మరణించినవారు.”

హాల్లో ఎవరో కిసుక్కుమని నవ్వి ఆపుకున్నారు. అన్నయ్య నోటికి అడ్డం పెట్టుకున్న గుడ్డ తీసేశాడు. ఆ కుర్చీ వచ్చిన రోజు అమ్మ ఫొటో ముందు నిలబడి అలా అంటుంటే పక్కనే ఉన్నాడు. మనిషి లేని చోట ఏలినవారూ అని పిలవడం అతను ఎక్కడ నేర్చుకున్నాడో ఇప్పుడు చెప్పక్కర్లేదు. బోనులో తల వంచుకుని భుజాలు కదిలేలా ఏడ్చాడు, మధ్యమధ్య నవ్వాడు కూడా.

వదిన చెయ్యి బెంచీ మీద జరిగి జరిగి వచ్చి చీటీలమ్మ చెయ్యి పట్టుకుంది. ఇద్దరి మధ్యా ఉన్న చోటు లేకుండా పోయింది. “అత్తయ్య కాపాడింది,” అంది వదిన, మొహమంతా తడితో. “అత్తయ్యే కాపాడిందే. ఇంటికెళ్ళాక నిన్ను తిడతాను, చచ్చేలా తిడతాను. ఇప్పుడు కాదు.”

న్యాయమూర్తి కలం కింద పెట్టాడు. “సాక్ష్యం సరిపోతుంది. విన్నవారు ప్రమాణం చేస్తే ముద్దాయిని వదిలేయవచ్చు. మూడు చీటీల్లోనూ విన్నవారు ఒక్కరే. ఈ వాడుకలు తెలిసీ ముప్పై రోజుల్లో తెలియజేయలేదు కనుక ప్రమాణం పూర్తి కాగానే వారిని అదుపులోకి తీసుకోండి. పిలువు.”

తలుపు దగ్గర ఉన్న ఇద్దరు పోలీసులు ముందుకు వచ్చి నిలబడ్డారు.

“విన్నవారు!” అని గుమాస్తా మొదటిసారి పిలిచాడు.

వదినకు ఒక్క క్షణం పట్టింది. ఆ మాట అర్థమవుతున్న కొద్దీ ఆమె మొహంలో రంగు దిగిపోవడం చీటీలమ్మ పక్క నుంచే చూసింది. బోనులో అన్నయ్య తలెత్తి చెల్లెలి వైపు చూశాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఊపుతుండగానే దగ్గు వచ్చింది, వంగిపోయి రెండు చేతులతోనూ కటకటాలు పట్టుకున్నాడు.

“విన్నవారు!” రెండోసారి. “మూడో పిలుపుకు రాకపోతే చీటీలు రద్దవుతాయి.”

చీటీలమ్మ లేవబోయింది. లేవలేకపోయింది. కిందికి చూస్తే, వదిన ఆమె చేతిని రెండు చేతులతోనూ పట్టుకుని ఉంది. అన్నయ్య దగ్గు హాలంతా వినిపిస్తోంది. గుమాస్తా మూడోసారి నోరు తెరిచాడు. వదిన చెయ్యి వదల్లేదు.